నాలుగు మిల్లీమీటర్లు

మా లిఫ్టు తలుపు ఎవరూ పిలవకుండానే తెరుచుకుంటుంది. మూడో అంతస్తులో, సరిగ్గా మా ల్యాబు ఎదురుగా. లోపల ఎవరూ ఉండరు. కాసేపు అలా తెరుచుకుని ఉండి, మళ్ళీ మూసుకుని కిందికి పోతుంది. సెన్సరు పాడైందంటాడు వాచ్‌మన్. ఆ సంగతి నాకు తెలీదా? దాన్ని బాగుచేస్తానని మాటిచ్చినవాడు నా సొంత తమ్ముడు. లిఫ్టు మెకానిక్కు. "అక్కా, ఈ కాలు తగ్గనీ, దీని సంగతి చూస్తా" అని చెప్పి వెళ్ళాడు. వాడు పోయి నాలుగు నెలలైంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నేను తలెత్తి చూస్తాను. చూడకూడదని ఒట్టు పెట్టుకుంటాను, మళ్ళీ చూస్తాను.

నా గురించి ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు మొహమాటపడక్కర్లేదు. నాకు ముక్కు మీద కోపం. నోరు పెద్దది. నా పనిలో నన్ను మించినవాళ్ళు లేరని పొగరు. ఇరవై ఆరేళ్ళుగా ఈ ల్యాబులో టెక్నీషియన్ని. డాక్టర్ల దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరూ నన్ను ల్యాబమ్మ అనే పిలుస్తారు. పుండులోంచి తీసిన చీము, మూత్రం, కఫం, ఏది వచ్చినా సరే, అందులో ఏ క్రిమి ఉందో, దాన్ని ఏ మందు చంపుతుందో తేల్చి కాగితం మీద రాసిస్తాను. ఆ కాగితం చూసుకుని డాక్టర్లు మందు రాస్తారు.

పని ఎలాగుంటుందంటే, గుండ్రటి ప్లేటులో జెల్లీ పోసి గట్టిపడనిస్తాం. దాని మీద క్రిమిని పలచగా అలుకుతాం. పైన మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు పెట్టి, వెచ్చటి పెట్టెలో ఒక రోజు ఉంచుతాం. మర్నాటికి క్రిమి ప్లేటంతా తెల్లటి పొరలా పెరుగుతుంది. మందు పనిచేసిన బిళ్ళ చుట్టూ మాత్రం ఏమీ పెరగదు, గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. ఆ వలయాన్ని స్కేలుతో కొలుస్తాం. ఒక్కో మందుకి ఒక్కో హద్దు. వలయం ఆ హద్దును అందుకుంటే మందు పనిచేస్తుందని రాస్తాం, అందుకోకపోతే పనిచెయ్యదని రాస్తాం.

దీనికంతటికీ జెల్లీ నాలుగు మిల్లీమీటర్ల లోతు ఉండాలి. అంతకన్నా పలచగా పోస్తే మందు కిందికి ఇంకడానికి చోటుండదు, పక్కలకి పాకుతుంది. వలయం ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది. చేతకాని మందు కూడా మొనగాడిలా కనబడుతుంది. ఇది పుస్తకంలో మొదటి పేజీల్లోనే ఉంటుంది. నేనే కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేదాన్ని.

ఒక ఫ్లాస్కు జెల్లీకి ఇరవై ప్లేట్లు రావాలి. ఒకసారి జెల్లీ కలిపే పొడి రావడం ఆలస్యమై, ఉన్నదాంతోనే సర్దుదామని ముప్ఫై పోశాను. మా ఓనరు చూసి, "ల్యాబమ్మా, నీది బంగారు చెయ్యి" అన్నాడు. వచ్చినవాళ్ళకల్లా పిలిచి చూపించాడు. ఆ మాటకి నేను మునగచెట్టెక్కి కూర్చున్నాను. తర్వాత పొడి వచ్చింది, అయినా నేను దిగలేదు. ఫ్లాస్కుకి ముప్ఫై పోయడమే నా గొప్పయిపోయింది. ఆఖరి అయిదారు ప్లేట్లయితే కింద పేపరు పెట్టి చదువుకోవచ్చు, అంత పలచన. పద్ధతి ప్రకారం వారానికోసారి ఒక తెలిసిన క్రిమిని మా ప్లేట్ల మీద పెంచి చూడాలి. దాని వలయం ఎంత రావాలో ముందే తెలుసు కాబట్టి, తేడా వస్తే తప్పు ప్లేటుదేనని తెలిసిపోతుంది. "నీ చేతికి పరీక్షేంటమ్మా" అన్నాడు ఓనరు. నిజమే కదా అనుకుని అదీ మానేశాను.

మా తమ్ముడు వచ్చింది ఆ రోజుల్లోనే. మెట్లెక్కలేక లిఫ్టులో వచ్చాడు, వస్తూనే ఆ తలుపుతో పోట్లాడాడు. ప్యాంటు మోకాలి దాకా మడిచి చూపించాడు. నిమ్మకాయంత గడ్డ, చుట్టూ ఎర్రగా, నడిమధ్య చీము తల.

"సాలీడు కుట్టిందనుకుంటా అక్కా."

"సాలీడుకి ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా? మోకాళ్ళ మీద ఆ షాఫ్టుల్లో పాకుతావు కదా, ఆ ప్యాంటు ఉతికి ఎన్నాళ్ళయింది?"

"అది మీ మరదల్ని అడుగు. నా టైంటేబులంతా దాని చేతిలో ఉంది."

మా మరదలి గురించి చెప్పాలి. మా ల్యాబు కిటికీ బస్టాండు వైపుంటుంది. బస్టాండు మైకులో ఏ బస్సు ఎన్ని గంటలకి, ఏ ప్లాట్‌ఫాం మీదికి అని రోజంతా వినబడే గొంతు ఆవిడదే. ఆవిడ చెప్పిన నిమిషానికి బస్సు కదలకపోతే డ్రైవరు కేబిన్ దగ్గరికే వెళ్ళి నిలబడుతుంది. తమ్ముడు ఆ గొంతు విని వాచీ సరిచేసుకునేవాడు. "పెళ్ళాం మాట విని వాచీ తిప్పుకునేవాణ్ణి నేనొక్కణ్ణే" అని నవ్వేవాడు.

చీము తీస్తూ అడిగాను, వాళ్ళ మెకానిక్కుల షెడ్డులో ఇంకెవరికైనా ఇలా లేచాయా అని. ముగ్గురికి లేచాయట. ఎవడో మందుల షాపులో కొన్న యాంటీబయాటిక్ మాత్రలు అలమరలో పడేసి ఉంటాయట, ఎవరికి ఏం లేచినా రెండేసి మింగి ఊరుకుంటారట. వీడూ అంతకు ముందు రెండుసార్లు అలాగే మింగాడు.

"రెండు మాత్రలు మింగి మానేస్తే క్రిమి చావదురా, నేర్చుకుంటుంది. చదువు చెప్పి పంపిస్తున్నారు మీరు దానికి."

"నాకు అబ్బనిది దానికైనా అబ్బిందిలే" అన్నాడు. ఒక దెబ్బ వేశాను భుజం మీద. వాడి ఒంటి మీద చెయ్యేసి నవ్వడం నాకదే ఆఖరు.

వాడి క్రిమిని నేను అలికిన ప్లేటు ఒక ఫ్లాస్కులో చిట్టచివర పోసింది. రెండో రోజు తీసి చూస్తే చాలా బిళ్ళల చుట్టూ వలయాలే లేవు, క్రిమి బిళ్ళ అంచుదాకా వచ్చి కూర్చుంది. ఎర్ర క్యాప్సూలుగా దొరికే ఒక్క మందు బిళ్ళ చుట్టూ మాత్రం మంచి వలయం. కొలిచాను. ఇరవై ఒకటి. ఆ మందుకి హద్దూ ఇరవై ఒకటే. స్కేలు తిప్పి మళ్ళీ కొలిచాను, ఇరవై ఒకటే వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. ప్లేటు వంక చూశాను, దాని లోతు వంక చూడలేదు. సంతకం చేసి రిపోర్టు నేనే పట్టుకెళ్ళి, వాడికి వైద్యం చేస్తున్న డాక్టరమ్మ చేతిలో పెట్టాను.

ఎర్ర క్యాప్సూళ్ళు ఎనిమిది గంటలకొకటి, అయిదు రోజులు. మొత్తం పదిహేను. అయిదో రోజు రాత్రికి కాలు తొడదాకా వాచింది, వణుకుతో జ్వరం. పెద్దాస్పత్రిలో చేర్చాం. క్రిమి రక్తంలోకి ఎక్కి ఊపిరితిత్తుల్లో చేరిందన్నారు. నా రిపోర్టు చూసి అదే మందు నరంలోకి ఎక్కించారు. రెండు రోజులు చూసి, "ఎందుకో మందు పట్టడం లేదు" అని అక్కడి డాక్టరు తల పట్టుకున్నాడు. మందు మార్చేసరికే ఆలస్యమైపోయింది.

మందు పట్టడం లేదని ఆయన అన్న క్షణంలో నా కళ్ళ ముందు కనబడింది ప్లేటే. కిందనున్న పేపరు అక్షరాలు స్పష్టంగా కనబడే ఆ ప్లేటు. ఆస్పత్రి వరండాలో మా మరదలు నా పక్కనే బెంచీ మీద కూర్చుని ఉంది. అప్పుడు నా నోటమ్మట ఏమొచ్చిందో తెలుసా?

"క్యాప్సూళ్ళన్నీ సరిగ్గా వేసుకున్నాడా?" అన్నాను.

ఆవిడ మొహం పాలిపోయింది. చేతిసంచీలోంచి రేకు తీసింది. పదిహేనులో రెండు మిగిలున్నాయి. ఒక రోజు ఎక్కడో లిఫ్టులో జనం ఇరుక్కున్నారని మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా పరిగెత్తాడట, అప్పుడొకటి. ఇంకొకటి ఎప్పుడో తనకే తెలియదట.

"అయ్యో, అలా మానకూడదే" అన్నాను.

అంతే. ఆ మాట అన్నాను, ఊరుకున్నాను. తొమ్మిదో రోజు తమ్ముడు పోయాడు.

అన్నీ అయ్యాక ల్యాబుకి వచ్చి, ఆ ఫ్లాస్కు ప్లేట్లు ఇంకా నాలుగు మిగిలుంటే తీశాను. ఒకదాన్ని కోసి స్కేలు పెట్టాను. రెండున్నర కూడా లేదు. ఇంకోదాని మీద తెలిసిన క్రిమిని పెంచితే వలయం ఉండాల్సినదానికంటే బాగా పెద్దదొచ్చింది. ఆ తర్వాత నాలుగు మిల్లీమీటర్లు నిండుగా కొత్త ప్లేటు పోసి, తమ్ముడి క్రిమిని మళ్ళీ పరీక్షించాను. ఎర్ర క్యాప్సూలు వలయం పదిహేను. పనికిరాని మందు. నిజంగా పనిచేసే మందు ఇంకొకటుంది, ఇంజెక్షను. మందపాటి ప్లేటు మీద కూడా దాని వలయం దర్జాగా నిలబడింది. ఆ లెక్కలన్నీ చిన్న చీటీ మీద రాసి, నాలుగు మడతలు పెట్టి, కళ్ళజోడు పెట్టెలో దాచాను. ఎవరికీ చెప్పలేదు.

పలచగా పోయడం మాత్రం ఆ రోజే మానేశాను. ప్లేట్లు తగ్గాయేమని ఓనరు అడిగితే పొడి మంచిది రాలేదని చెప్పాను.

తమ్ముడి క్రిమిని చిన్న గొట్టంలో ఫ్రిజ్‌లో దాచి ఉంచాను. నాలుగువందల పదిహేడు అని చీటీ. పారెయ్యడానికి ఎన్నోసార్లు చేతిలోకి తీసుకున్నాను. వాడి ఒంట్లోంచి వచ్చి ఇంకా బతికున్నది అదొక్కటే. వాణ్ణి చంపిందీ అదే. మళ్ళీ ఉన్నచోటే పెట్టి తలుపు మూసేదాన్ని. పొద్దున ఫ్రిజ్ తెరిస్తే మొదట కనబడేది ఆ నంబరే. కిటికీలోంచి మా మరదలి గొంతు. పదకొండు ఇరవైకి బయల్దేరు బస్సు రెండవ ప్లాట్‌ఫాం మీద సిద్ధముగా ఉన్నది. వెనక లిఫ్టు తలుపు. ఈ మూడింటి మధ్య నేను. టీ గ్లాసు బల్ల మీద పెట్టి తీస్తే తడి గుండ్రంగా మిగులుతుంది కదా, దాన్ని కూడా చూడలేక గుడ్డతో తుడిచేసేదాన్ని.

వాళ్ళింటికి వెళ్ళడం తగ్గించేశాను. వెళ్తే ఆవిడ ఏడవదు. అదే భయం నాకు. గోడ మీద అద్దం మూలకి ఆ రెండు క్యాప్సూళ్ళ రేకు గుచ్చి ఉంటుంది. పొద్దున తల దువ్వుకుంటూ దాన్ని చూసుకుంటుంది. "వేళకి బస్సుల్ని పంపించాను గానీ వేళకి మందివ్వలేకపోయాను వదినా" అంది ఒకసారి. అప్పుడైనా చెప్పొచ్చు కదా? కూర తరుగుతానని వంటింట్లోకి పోయాను.

ఈమధ్య ఒక సెలవు రోజున వెళ్ళకతప్పలేదు. మేనకోడలు ఫోను చేసింది, "అత్తా, బోరు కొడుతోంది, రా" అని. పన్నెండేళ్ళది. ఒకచోట కుదురుగా వాలదు, అందుకే పిట్ట అంటాం. నేను వెళ్ళేసరికి మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. మిట్టమధ్యాహ్నం దుప్పటేంటని నుదుటి మీద చెయ్యి పెట్టాను. కాలిపోతోంది.

"ఏమైంది దీనికి?"

"తొడ మీద గడ్డ వదినా. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు" అంది మరదలు. "మొన్న మధ్యాహ్నం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. మందు మొదలుపెట్టేశాం. పొద్దున చిట్లి చీము వస్తుంటే మళ్ళీ వెళ్ళాను, మీ ల్యాబుకే పంపించారు."

దుప్పటి పక్కకి తీసి చూశాను. గడ్డ చుట్టూ ఎర్రదనం ఎంతదాకా ఉందో డాక్టరమ్మ నీలం పెన్నుతో గుండ్రంగా గీసింది. ఎరుపు ఆ గీత దాటితే మందు పనిచెయ్యడం లేదని గుర్తు. ఎరుపు గీతను దాటి నాలుగు వేళ్ళు బయటికి వచ్చేసింది. ఇన్నేళ్ళుగా నేను కొలిచిన వలయాల్లో ఏదీ నన్ను అంత భయపెట్టలేదు.

అప్పుడే అలారం మోగింది. రెండు గంటలు. మరదలు ఉలిక్కిపడినట్టు లేచి, అలమర తీసి, ఒక రేకులోంచి క్యాప్సూలు నొక్కింది. ఎర్రది. పిట్ట తల కింద చెయ్యేసి లేపి, నోట్లో వేసి, నీళ్ళు పట్టించింది. "నాలిక ఎత్తు" అంది. పిల్ల నాలిక ఎత్తి చూపించింది. "ఇటు పక్క, అటు పక్క." చూసింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఇది ఏడోది వదినా. ఒక్క నిమిషం అటూ ఇటూ కానివ్వలేదు. బస్టాండుకి కూడా సెలవు పెట్టేశాను. వాళ్ళ నాన్న విషయంలో చేసిన తప్పు దీని విషయంలో చెయ్యను."

"ఇదే మందు ఎందుకిచ్చింది డాక్టరమ్మ?" అన్నాను.

"ఒకే ఇంట్లో ఒకే క్రిమి ఉంటుందట కదా, ఒంటి మీదా, ముక్కుల్లోనూ నెలల తరబడి. ఆయన రిపోర్టు ఫైల్లోనే ఉంది. ఈ మందుకి లొంగుతుందని నువ్వే రాశావు. కోర్సు మాత్రం పూర్తి చెయ్యాలి, అదొక్కటే గట్టిగా చెప్పారు."

పిట్ట నవ్వడానికి చూసింది. "అమ్మ నన్ను కూడా ప్లాట్‌ఫాం మీద నిలబెట్టింది అత్తా." పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

నేను అప్పుడు చెప్పి ఉంటే కనీసం మనిషిననిపించుకునేదాన్ని. చెప్పలేదు. నా బుర్ర మెరుపులా పనిచేసింది, నన్ను కాపాడుకోవడానికి. పిల్లని బతికించాలి, నా గుట్టు బయటపడకూడదు. రెండూ జరిగే దారి దొరికింది. "డాక్టరమ్మకి ఫోను కలుపు" అన్నాను. మరదలు కలిపి, స్పీకరు పెట్టి నా చేతికిచ్చింది.

"డాక్టరమ్మగారూ, నేను ల్యాబమ్మని. పిల్లకి జ్వరం ఎక్కువైంది, ఎరుపు మీరు గీసిన గీత దాటింది. ఆ ఎర్ర క్యాప్సూలు దీనికి పనిచెయ్యదండీ. రిపోర్టు వచ్చింది."

"ఏ రిపోర్టు? నేను చీము స్వాబు పంపింది పొద్దున పదిన్నరకి. మూడున్నర గంటల్లో ఎలా వస్తుంది? తొందరపెట్టినప్పుడల్లా రెండు రోజులు ఆగాలని నా మీద ఒంటికాలి మీద లేచేది మీరే కదా?"

నేను ఫోను ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాను.

"కంగారు పడుతున్నారు, అంతే" అంది ఆవిడ మెత్తగా. "మీ తమ్ముడు పోయిన ఇల్లు కదా. పిల్లని వెంటనే పెద్దాస్పత్రికి తీసుకెళ్ళండి. అదే మందు నరంలోకి ఎక్కించమని నేను చీటీ పంపిస్తాను. వాళ్ళ నాన్న రిపోర్టు నా ముందే ఉంది, మీ సంతకమే. మందు మంచిదే. ఆయన కోర్సు పూర్తి చెయ్యలేదు, అంతే జరిగింది."

మరదలు తల వంచుకుంది. అద్దం మూల రేకు. తమ్ముణ్ణి పడుకోబెట్టిన అదే ఆస్పత్రి, అదే మందు, మళ్ళీ రెండు రోజులు. ఆ వరండా అంతా నా కళ్ళ ముందు తిరిగింది. పిట్ట నా చీరకొంగు పట్టుకుని ఉంది, దాని చేతివేడి బట్టలోంచి నాకు తగులుతోంది.

"ఆ రిపోర్టు తప్పండీ" అన్నాను.

"ఏంటి?"

"మా తమ్ముడి రిపోర్టు తప్పు. ప్లేటు పలచగా పోశాను. నాలుగు మిల్లీమీటర్లు ఉండాల్సింది రెండున్నర కూడా లేదు. వలయం ఉత్తుత్తిది. తర్వాత మళ్ళీ చూశాను, పదిహేనే వచ్చింది. ఆ మందు వాడికి ఏ రోజూ పనిచెయ్యలేదు. క్యాప్సూళ్ళు పదిహేనూ వేసుకున్నా అంతే. ఏ మందు పనిచేస్తుందో నా దగ్గర రాసుంది, చదువుతాను, రాసుకోండి."

కళ్ళజోడు పెట్టెలోంచి చీటీ తీసి చదివాను. ఒక్కో మందు, ఒక్కో అంకె. నా గొంతు వణకలేదు, రిపోర్టు చదివేటప్పుడు ఎప్పుడూ వణకదు. అవతల డాక్టరమ్మ ఇంజెక్షను పేరు ఇంకోసారి చెప్పించుకుని రాసుకుంది. చివరికి, "ఆస్పత్రికి నేనే ఫోను చేస్తాను. మీరు బయల్దేరండి" అని పెట్టేసింది.

మరదలు అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండనిపించింది. ఆవిడ పిల్లకి స్వెట్టరు తొడిగింది. సంచీలో రెండు జతల బట్టలు, దువ్వెన, నీళ్ళ సీసా పెట్టుకుంది. అలారం గడియారం చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం చూసి, మళ్ళీ అలమరలో పెట్టేసింది. ఆటోలో పిట్ట మా ఇద్దరి మధ్య పడుకుంది. ఇద్దరం చెరో చెయ్యి దాని మీద వేసి పట్టుకున్నాం. చేతులు తగలకుండా.

ఆస్పత్రిలో మందు మార్చి ఎక్కించారు. మళ్ళీ అదే వరండా, అదే బెంచీ. సాయంత్రం మరదలు ఎదురుగా గోడ వంక చూస్తూనే అడిగింది.

"ఆ రోజు ఇక్కడే కూర్చుని నన్నడిగావు, క్యాప్సూళ్ళన్నీ వేసుకున్నాడా అని. అప్పటికే నీకు తెలుసా?"

"అనుమానంగా ఉండింది."

"అనుమానమా, తెలుసా?"

ప్లేటు పలచన కావడం పొరపాటని చెప్పుకోవచ్చు. దానికి ఎవరైనా క్షమించవచ్చు కూడా. ఆవిడ అడుగుతున్నది దాని గురించి కాదు.

"తెలుసు" అన్నాను.

ఆవిడ లేచి వెళ్ళి బెంచీ అవతలి చివర కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఓనరుకి చెప్పాను. మొదట నమ్మలేదు, తర్వాత మెల్లగా మాట్లాడమన్నాడు, ఆ తర్వాత ఎవరికీ చెప్పొద్దన్నాడు. "బంగారు చెయ్యి అన్నది మీరే కదా, ఇప్పుడు వినండి" అని ఆయన మీద అరిచాను. అరిచేసరికి కోపం కాస్తా దిగిపోయి, ఏడుపొచ్చింది. ఏడాదిన్నర రిజిస్టరు బల్ల మీద పెట్టుకున్నాను. పలచటి ప్లేట్ల రోజుల్లో హద్దు అంచున ఉన్న వలయాలన్నీ ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను. నూట నలభై మూడు వచ్చాయి. ఫోను తీసి మొదటి నంబరు నుంచి మొదలుపెట్టాను. ఫలానా నెలలో మీకిచ్చిన రిపోర్టు తప్పు కావచ్చు, మళ్ళీ ఆ జబ్బు చేస్తే ఆ కాగితం డాక్టరుకి చూపించకండి, మళ్ళీ పరీక్ష చేయించుకోండి. కొందరు తిట్టారు. కొందరు ఎప్పుడో తగ్గిపోయిందమ్మా అని నవ్వారు. కొన్ని నంబర్లు మోగి మోగి ఆగిపోయాయి, ఎవరూ ఎత్తలేదు. వాటి పక్కన ఏం రాయాలో నాకు తెలియలేదు. ఖాళీగా వదిలేశాను.

మూడో రోజుకి పిట్ట జ్వరం దిగింది. ఎరుపు వెనక్కి తగ్గి, నీలం గీత లోపలికి వచ్చింది. ఆ సంగతి డాక్టరమ్మ ఫోనులో చెప్పింది, మరదలు చెప్పలేదు. పిట్ట చీము మీద వచ్చిన వలయాలు కూడా ఆ రోజే కొలిచాను, మందపాటి ప్లేటులో. ఎర్ర క్యాప్సూలుకి పదిహేను. నాలుగువందల పదిహేడుకి కవలపిల్లలా ఉంది. గొట్టం తీసి, క్రిముల్ని ఆవిరితో చంపే యంత్రంలో వేసేశాను. మూత బిగించాక కూడా చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

వారం తర్వాత, మధ్యాహ్నం, ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాను. అవతల మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. వెనక లిఫ్టు తలుపు తెరుచుకుంది. చూడకూడదనుకున్నాను. ఎప్పట్లాగే చూశాను.

లోపల మా మరదలు ఉంది.

బస్టాండు యూనిఫాం చీరలోనే వచ్చింది. లిఫ్టు దిగి, ల్యాబు గుమ్మం దాటి, నా బల్ల దగ్గరికొచ్చి ఆగింది. ఎర్ర సిరా గుర్తులున్న రిజిస్టరు వంక చూసింది. చేతిసంచీలోంచి రేకు తీసింది. అద్దం మూలకి నాలుగు నెలలు గుచ్చి ఉంచినందుకు ఒక అంచు వంగిపోయి ఉంది. రెండు ఎర్ర క్యాప్సూళ్ళు.

"పిట్ట ఎలా ఉంది?" అన్నాను.

"రేపటి నుంచి బడికి వెళ్తుంది." రేకు రిజిస్టరు మీద పెట్టింది. "రోజూ పొద్దున దీన్ని చూసి, నా మొగుణ్ణి నేనే చంపుకున్నాననుకున్నాను వదినా. ఇది నీది. నువ్వుంచుకో."

నేను లేవబోయాను. వద్దన్నట్టు చెయ్యి చూపించి వెళ్ళిపోయింది. లిఫ్టు తలుపు ఆవిడ కోసం తెరుచుకునే ఉంది. ఆవిడ ఎక్కాక మూసుకుంది.

రేకు నా చేతిలో ఏమీ బరువు లేదు. కాసేపటికి కిటికీలోంచి గొంతు వినబడింది, ఎప్పటిలాగే, ఒక్క నిమిషం కూడా తేడా లేకుండా. రెండు గంటలకు బయల్దేరు బస్సు. నేను రిజిస్టరులో వేలు పెట్టి, తర్వాతి నంబరు నొక్కాను.